కిరాయి డ్రెస్సు లంబాడీదా, మా యాడి పెట్టెలది లంబాడీదా?

ప్రశ్న
రాసింది: దేవరకొండ టీచర్

నమస్తే. నాది దేవరకొండ దిక్కు ఒక తండా. ఆడనే పుట్టి పెరిగిన, ఇప్పుడు ఆ పక్కనే సర్కారు బడిల టీచర్ని. ఫిబ్రవరిల మా బడి వార్షికోత్సవం ఉన్నది. దాని గురించి ఒక మాట అడుగుదామని వచ్చిన, గని అడగాలంటే ముందు జర కథ చెప్పాలె.

మా బడిల సగానికి ఎక్కువ తండా పిల్లలే. “ఈసారి లంబాడీ డ్యాన్స్ పెడదాం మేడం, మీరే చూసుకోవాలె” అన్నరు పెద్దసారు. మస్తు సంతోషమయింది. తెల్లారి ఇంకో సారు ఫోన్‌ల ఒక సినిమా పాట చూపించిండు. దీనికి చేయిద్దాం, స్టెప్పులు పిల్లలకు ముందే వచ్చు, డ్రెస్సులు నల్గొండల కిరాయికి దొరుకుతయి అన్నడు. ఆయన మనసుల చెడు ఏం లేదు, ఆ సంగతి ముందే చెప్తున్న.

ఆదివారం నల్గొండ పోయిన. ఆ దుకాణంల కోలాటం చీరెలు, కృష్ణుని కిరీటాలు, పోలీసు టోపీలు, వాటి పక్కన వరుసగ ‘లంబాడీ’ డ్రెస్సులు. సాటిన్ గుడ్డ, మోకాళ్ల మీదికే లంగా. అద్దాలంటే అద్దాలు కావు, మెరిసే ప్లాస్టిక్ బిళ్లలు జిగురుతోని అతికించినయి. “ఇది సినిమా మోడల్ మేడం, స్టేజి మీద ఇదే మంచిగ కనపడ్తది” అన్నడు దుకాణమాయన.

ఇంటికొచ్చి మా యాడి పెట్టె తీసిన. యాడి అంటే మా బోలిల, మా లంబాడీ భాషల, అమ్మ. పెట్టె అడుగున ఆమె ఫేటియా, అంటె మా లంబాడీ లంగా, ఉన్నది. ఎర్రటి మందపు గుడ్డ, ఎత్తితే చెయ్యి కిందికి గుంజుతది, అంత బరువు. ఒక్కొక్క అద్దం చుట్టూ దారంతోని గోడ కట్టినట్టు కుట్టు, పసుప్పచ్చది ఒక వరుస, నల్లది ఒక వరుస. అంచుకు గవ్వలు. నడుము పట్టీకి చిల్లు పెట్టిన పాత పైసలు. రెండద్దాలు పగిలినయి, ఒక కాడ గవ్వలు ఊడి దారమొక్కటే మిగిలింది.

కాంచళికి, అంటె మా రవికెకు, ఎనక గుడ్డ ఉండదు, దారాలతోనే ముడి. అది నిజమే, సినిమావాళ్లు పుట్టించింది కాదు. గని యాడి ఆ కాంచళి మీదనే పత్తి ఏరింది, నన్ను సంకనేసుకొని అంగడికి పోయింది. తల మీదికెల్లి టుక్రి, అంటె మా ఓణీ, వీపు మీద పడి ఉండేది. మా తండల ఎవ్వరూ ఆ వీపు దిక్కు పనిగట్టుకొని చూడలే. సినిమాల కెమెరా అన్నిటికంటె ముందు ఆడికే పోతది.

ఫేటియా బడికి తీస్కపోయి చూపించిన. ఏడో తరగతి పిల్ల ఒకామె, మా తండా పిల్లనే, ఏమన్నదో తెలుసా? “మిస్, ఇది మా దాదీ వాళ్లది. ముసలోళ్లు కట్టుకునేది. మాకు నిజం లంబాడీ డ్రెస్సు తెప్పియ్యండి.”

ఆ రాత్రి నిద్ర పట్టలే. నేను ఐదో తరగతిల ఉన్నప్పుడు మా బాపు దేవరకొండల సినిమాకు తీస్కపోయిండు. అండ్ల ఒక లంబాడీ మనిషి వస్తడు, వంకర టింకర తెలుగు మాట్లాడ్తడు, అంతే ఆయన పని. హాలంత నవ్వింది. బాపు గూడ నవ్విండు. ఇంటికొచ్చేటప్పుడు మాత్రం దారి పొడుగూత ఒక్క మాట మాట్లాడలే. తెల్లారి బడిల పిల్లలు ఆ మనిషి మాట పట్టుకొని నన్ను పిలుసుడు మొదలుపెట్టిన్రు. ఆ ఏడంత సారు ప్రశ్న అడిగితే జవాబు తెల్సినా నోరు తెరవలే, పలక మీద రాసి చూపించేదాన్ని.

మా తెలుగు ఎందుకు తప్పుతదో జర వినండి. మా బోలిల వస్తువులకు గూడ ఆడ, మగ ఉంటది. తెలుగుల అవన్నీ ‘అది’. అందుకని మా యాడి ఇప్పటికీ “ఎండ వచ్చిండు” అంటది. ఆమె బోలి లెక్కన అది తప్పు కాదు. ఒకటో తరగతిల చేరే తండా పిల్లకు తెలుగు పరాయి భాష. రెండు భాషల నడుమ దాటేటప్పుడు అడుగు తడబడ్తది. నవ్వేవాళ్లకు ఆ దాటుడు కనపడదు.

నవ్వు బాధ నాకు పాతదే. కొత్తగ గుచ్చుకున్నది ఆ పిల్ల మాట. మమ్మల్ని చూసి సినిమా తీసిన్రు అనుకున్నం, ఇప్పుడు మా పిల్లలు సినిమా చూసి లంబాడీలైతున్నరు. సినిమా పాట వద్దంటె పిల్లల ఉత్సాహం చంపినదాన్నయిత. సరే అంటె మా యాడి ముంగట నిలబడలేను. నేనేం చెయ్యాలె? ఇట్లాంటిది మీ దిక్కు ఎవరికన్న ఎదురయిందా?

జవాబు 1
రాసింది: పాలమూరు పాత ఆపరేటర్

టీచరమ్మా, నేను మహబూబ్‌నగర్‌ల సినిమా టాకీసుల ఆపరేటర్‌గ ఇరవై ఏండ్లకు పైన చేసిన. కార్బన్ కడ్డీలు కాల్చి బొమ్మ ఏసిన కాలం మాది. నువ్వు సీట్ల కూసొని జూసింది నేను గోడకున్న చిన్న కిటికీలకెల్లి జూసిన. జనం ఎక్కడ నవ్వుతరో, ఎక్కడ బీడి ముట్టిచ్చెటందుకు లేస్తరో నాకు నోటికొచ్చు.

1985ల ప్రతిఘటన సినిమా వచ్చింది. కోట శ్రీనివాసరావు కాశయ్య అని మంత్రి ఏషం గట్టిండు, మొత్తం మన తెలంగాణ యాసనే. ఆయనది కృష్ణా జిల్లా కంకిపాడు. ఎంత మంచిగ మాట్లాడిండంటె జనం పడి చచ్చిన్రు. నేను గూడ ఈల ఏసిన, అబద్ధమెందుకు. ఆయన మీద నాకేం కోపం లేదు, మహానటుడు. గని దాని ఎనక వరుస బెట్టి వచ్చిన సినిమాలల్ల మన మాట ఎవని నోట్ల ఉండె? రౌడీ నోట్ల, ఇంట్ల పనిమనిషి నోట్ల, తాగుబోతు నోట్ల. హీరో ఎన్నడన్న “ఏడికి పోతున్నవ్” అన్నడా? మా నాయన పొద్దుగాల నాతోని మాట్లాడే మాట, మాట్నీల తన్నులు తినేటోడు మాట్లాడుతుండె.

నా బిడ్డ హైదరాబాద్ కాలేజిల చేరినంక ఇంటికి ఫోన్ జేస్తె గొంతు మారిపోయింది. “నాన్నా, ఎలా ఉన్నారు” అని అడిగింది. పక్కల దోస్తులున్నరని నాకు సమజైంది. ఫోన్ పెట్టేసి చానసేపు అట్లనే కూసున్న.

అంతకు ముందు రాలేదా అంటె వచ్చింది. మాభూమి అని సినిమా 1979ల గౌతం ఘోష్ తీసిండు, మన బి.నర్సింగరావు నిర్మాత. కిషన్ చందర్ ఉర్దూల రాసిన నవల మీద తీసిన్రు. గద్దర్ తెర మీద నిలబడి పాడ్తుంటె, సుద్దాల హన్మంతు పాట పసులగాసే పిలగాని మీద వస్తుంటె, టాకీసుల సప్పుడు లేదు. అది తెలంగాణ సాయుధ పోరాటం కథ, అండ్ల మాట ఎవ్వల్ని నవ్విచ్చెటందుకు పెట్టింది కాదు. గని అసొంటియి ఎన్ని?

మళ్ల ఇన్నేండ్లకు 2023ల మన యాసలనే బలగం సినిమా వచ్చింది. మా ఊర్ల పంచాయతి ఆఫీసు ముంగట తెర గట్టి ఏసిన్రు. నన్ను పిలిచి, “కాకా, నువ్వే మెషీన్ ముట్టియ్యాలె” అన్నరు. మెషీనేముంది, చిన్న డబ్బా, ఒక వైరు. బొమ్మ మొదలైనంక నేను తెర దిక్కు జూడలే, అలవాటు కొద్ది జనం దిక్కు జూసిన. మా వదిన, డెబ్బై ఏండ్ల మనిషి, తెర మీద ముసలామె ఏడుస్తుంటె “ఊకో అవ్వా, ఊకో” అని గట్టిగనే అంటున్నది.

అమ్మా, మన యాసకు ఆ రోజు వచ్చెటాల్లకు నలభై ఏండ్లు పట్టింది. తండాకు ఇంక రాలే. ఇంకొక మాట, ఇది మా ఊరోళ్లు ఇంటె కోపానికొస్తరు, అయినా చెప్త. మన యాసను ఎక్కిరిచ్చిన్రని మండిపడ్డ మేమే లంబాడీ మనిషి బస్సుల మాట్లాడితె నవ్వినం. నేను నవ్విన. మీ బాపసొంటోళ్లు నా టాకీసుల ఎంతమంది కూసున్నరో నాకు ఇయ్యాల యాదికొస్తున్నది.

సలహా అడిగినవు గద. మీ అమ్మను స్టేజి ఎక్కియ్యి. మైకు ఆమె చేతికియ్యి. ఎండ వచ్చిండు అన్ననీ, పర్వాలే.

జవాబు 2
రాసింది: కృష్ణానగర్‌లో నల్గొండోడు

మేడం, నేను పదకొండేళ్లుగా సినిమాల్లో అసిస్టెంట్ డైరెక్టర్‌ని. ఊరు నకిరేకల్ దగ్గర. లోపల ఎట్ల జరుగుతదో చెప్తాను, తప్పు ఎక్కడ పడుతదో మీకు తెలుస్తది.

కావాలని అవమానిద్దామని కూర్చొని రాసినోళ్లను నేనైతే చూడలేదు. జరిగేది తొందర. పాటకు ‘ట్రైబల్ లుక్’ కావాలంటారు. కాస్ట్యూమ్ వాళ్లకు ముందు సినిమా ఫోటోలు చూపిస్తారు. ఆ ముందు సినిమావాళ్లకు అంతకు ముందు సినిమా. ఈ గొలుసులో ఎక్కడా ఎవరూ ఒక తండాకు పోయి చూసొచ్చినోళ్లు ఉండరు. మీరు నల్గొండలో చూసిన డ్రెస్సు అట్ల తయారైందే.

ఒకసారి మా సినిమాలో తండా సీను పడింది. నేను నల్గొండోణ్ణని నన్నడిగారు. దేవరకొండలో నాతో ఇంటర్ చదివిన దోస్తుకు ఫోన్ చేసి, నాలుగు డైలాగులు గోర్‌బోలిలో, అంటే లంబాడీ భాషలో, చెప్పించుకున్నా. కూతురు పట్నం పోతుంటే తల్లి అనే మాటలు. ఒక్కో మాట మూడు నాలుగు సార్లు పలికించి, పలుకుబడి తప్పొద్దని రికార్డు చేసుకున్నా. షూటింగ్‌లో ఆ నటి చాలా కష్టపడి నేర్చుకుంది, బాగా చేసింది. డబ్బింగ్ రోజు, ప్రేక్షకులకు అర్థం కాదు, తెలుగులో పెట్టండి, కానీ కొంచెం వంకరగా ఉండాలి అన్నారు. నేను కింద తెలుగు అక్షరాలు వేద్దామన్నా. ఎవరూ వినలేదు. రిలీజైనంక నా దోస్తు ఫోన్ చేసి ఒక్కటే అడిగిండు, “మా అమ్మ మాటలు ఏడ పోయినయిరా?” అని.

అప్పటినుంచి వాడి ఊరికి పోవాలంటే మొహం చెల్లడం లేదు.

మన జిల్లావాళ్లు సినిమాల్లో లేక కాదు. కత్తి కాంతారావు గారిది కోదాడ దగ్గర గుడిబండ. ప్రభాకర్‌రెడ్డి గారిది తుంగతుర్తి. పెద్ద పేరున్నోళ్లు. కానీ రాకుమారుడు గుడిబండ మాట మాట్లాడితే ఆ రోజుల్లో ఒప్పుకునేవాళ్లా? మనిషి పోయినా మాట గేటు బయటనే ఉండిపోయింది.

మీ బడి ఫంక్షన్‌ను చిన్నది అనుకోకండి. వచ్చే నాలుగేళ్లలో ఎవడో కాస్ట్యూమ్ కోసం ఫోన్‌లో వెతుకుతాడు. వాడికి సినిమా ఫోటోలతో పాటు మీ పిల్లల వీడియో కూడా కనపడితే చాలు. తప్పకుండా తీసి పెట్టండి.

జవాబు 3
రాసింది: మిర్యాలగూడ నాయక్

అక్కా, రామ్ రామ్. నాది గూడ తండానే. మీ బాధ అర్థమైంది, గని నేను జర వేరేగ అనుకుంటున్న.

2018 పంచాయతీరాజ్ చట్టంతోని మా తండా సొంత గ్రామ పంచాయతీ అయింది. 2021ల భీమ్లా నాయక్ సినిమా పాట వచ్చినప్పుడు మా పోరగాళ్లు పంచాయతీ ముందట సౌండు బాక్సులు పెట్టి రోజంత అదే ఏసిన్రు. పాట మొదట్ల తండల పుట్టిన పిలగాని తల్లి పేరు, తండ్రి పేరు, తాతల పేర్లు వరుసగ వస్తయి, అన్నీ మన పేర్లే. అంత పెద్ద హీరోకు నాయక్ అని పేరు పెట్టిన్రు. మా తమ్ముడు కాలేజిల పేరు చివర నాయక్ రాసుకోవడానికి సిగ్గుపడేటోడు, ఆ తర్వాత బండి మీద పెద్దగ రాయించుకున్నడు. ఇది చిన్న సంగతా? సినిమా మనకు ఏం ఇయ్యలే అంటె నేను ఒప్పుకోను. పిల్లలకు ఆ పాట ఇష్టమైతే చెయ్యనియ్యండి. బలవంతంగ ఫేటియా కట్టిస్తే అది గూడ వాళ్లకు యూనిఫారమే అయితది.

జవాబు 4
రాసింది: అచ్చంపేట జీపు

నాయక్ తమ్మీ, ఆ పాట మొదట్ల పాడింది మా లింగాల మండలం మొగులయ్య. పన్నెండు మెట్ల కిన్నెర, తీగల వాయిద్యం, వాయిస్తడు. డక్కలి కులపాయన, పాలమూరు పేదల వీరుడు పండుగ సాయన్న కథ ఆయన నోట ఇంటె రాత్రి తెల్లారుడే. 2022ల పద్మశ్రీ ఇచ్చిన్రు. మీ తమ్మునికి ఆ పాట ధైర్యమిచ్చిందంటె నాకు సంతోషమే. గని ఆ గొంతు తెర మీద ఉన్నది కొద్దిసేపు. 2024ల ఆయన కూలిపనికి పోతున్నడని పేపర్లల్ల వచ్చింది. కిన్నెర సప్పుడు దేశమంత ఇన్నది, పద్మశ్రీ వచ్చిన మనిషి తట్ట మొయ్యవలసొచ్చె. ఈ రెండూ ఒక్కటే పాటకు సంబంధించినయే.

నేను అమ్రాబాద్ దిక్కు అడివిల చెంచు పెంటలకు, అంటె చెంచుల గూడేలకు, సరుకుల జీపు నడుపుత. టీచరమ్మ చెప్పింది సదివినంక ఒక సంగతి చెప్పబుద్ధయింది. చెంచులక్ష్మి సినిమా 1943ల ఒకసారి, 1958ల ఒకసారి వచ్చింది. ఆ కథ మావాళ్లకు ఇష్టమే, నర్సింహస్వామి చెంచుల అల్లుడు గద. ఆ తర్వాత అడివి మనుషులంటె సినిమాలల్ల ఆకుల బట్టలు, నెత్తికి ఈకలు, అర్థంకాని అరుపులు.

పోయినేడు సలేశ్వరం జాతరకు పట్నం పిలగాండ్లు నా జీపుల వచ్చిన్రు. చైత్ర పున్నానికి జరుగుతది, లోయల గుండం, ఆడ పూజారులు చెంచులే. దారి పొడుగూత “వస్తున్నం లింగమయ్యా” అని జనం అరుసుకుంట దిగుతరు. ఒక చెంచు పెద్దమనిషి తేనె సీసాలు పెట్టుకొని కూసున్నడు. ఈ పిలగాండ్లు ఫోన్ పెట్టి, “తాతా, మీ భాషల మాట్లాడు” అన్నరు. ఆయన, “ఏం మాట్లాడాలె నాయనా, తేనె కొంటవా?” అన్నడు. “ఇది గాదు తాతా, మీ చెంచు భాష” అన్నరు. ఆయన కొంచెంసేపు వాళ్ల మొకాలు జూసి, “ఇదే నాయనా మా భాష. తెలుగు” అన్నడు. ఒకడు అంగి ఇప్పమన్నడు, ఫోటోకు. ఆయన సీసాలు సర్దుకొని లేసి పోయిండు.

వాళ్లు చెడ్డోళ్లు గాదు. నా జీపుల పాటలు పాడుకుంట వచ్చిన్రు, చెంచు పిల్లలకు బిస్కెట్లు పంచిన్రు. గని వాళ్లు ఎతికింది సినిమాల చూసిన చెంచోణ్ణి. ఎదురుంగ కూసున్న మనిషి వాళ్లకు కనపడలే. అందుకనే టీచరమ్మా, నువ్వు గట్టిగనే నిలబడు.

జవాబు 5
రాసింది: దేవరకొండ టీచర్

అందరికీ దండాలు. వార్షికోత్సవం మొన్న అయిపోయింది. ఏం జరిగిందో చెప్తున్న.

నాయక్ తమ్ముడు అన్న యూనిఫారం మాట నన్ను బాగ ఆలోచింపజేసింది. అందుకని సినిమా పాట ఆపలే. పిల్లలు మామూలు బట్టల మీద చేసిన్రు, మైకుల “సినిమా పాట” అనే చెప్పించిన. దానికి లంబాడీ డ్యాన్స్ అని పేరు పెట్టనియ్యలే. పెద్దసారు ముందు కొంచెం నసిగిండ్రు, తర్వాత ఒప్పుకున్నరు.

రెండోది మాది. ఫేటియాల కోసం పదకొండు ఇండ్లు తిరిగిన. నాలుగే దొరికినయి. మిగిలినయి ఏమైనయంటె, పాత కుట్టుపని కొనేవాళ్లు పట్నం నుంచి కారేసుకొని వచ్చి కొనుక్కపోయిన్రట. ఒకామె తన పెండ్లి ఫేటియా ఇచ్చి స్టీలు బిందె తీసుకున్నదట. ఆ బిందెల నీళ్లే నాకు తాగిచ్చింది.

యాడి, ఇంకిద్దరు పెద్దవాళ్లు మూడు రోజులు సాయంత్రాలు బడికి వచ్చిన్రు. తీజ్ పాట నేర్పిన్రు. తీజ్ అంటె తెలియనివాళ్లకు చెప్తున్న, పెండ్లికాని ఆడపిల్లలు చిన్న బుట్టలల్ల గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు నీళ్లు పోసే పండుగ. ఏడో తరగతి పిల్ల మొదటిరోజు ఫేటియా కట్టి, సినిమా స్టెప్పు ఏసెటందుకు ఎగరబోయింది. ఎగరలేకపోయింది. ఆ బరువు ఎగరనియ్యదు. యాడి ఏం మాట్లాడకుండ పక్కకొచ్చి నిలబడి, ఒక్కడుగు ముందుకేసి, నడుము వంచి, చప్పట్లు కొట్టి లేచింది. ఫేటియా దానంతటదే తిరిగింది, అద్దాలన్నీ ఒక్కసారి గోడ మీద వెలుగు కొట్టినయి. ఆ పిల్ల గోడ దిక్కే చూస్తున్నది. నాకు గూడ అప్పుడే తెలిసింది, ఇన్నేండ్లు చూసినా తట్టలే. మా ఆటల అడుగు మెల్లగ పడేది ఆ గుడ్డ బరువుతోనే. కిరాయి లంగాకు ఆ అడుగు రానే రాదు.

నలుగురు ఫేటియాలు కట్టిన్రు, మిగిలిన పిల్లలు యూనిఫారం మీదనే టుక్రి కప్పుకున్నరు.

ఆపరేటర్ పెద్దాయన చెప్పినట్టు యాడికి మైకు ఇచ్చిన. ముందు మా బోలిల, తర్వాత తెలుగుల మాట్లాడింది. సాయుధ పోరాటంల చనిపోయిన ధర్మాపురం ఠానూ నాయక్ పేరు చెప్పింది. ధర్మాపురం ఉన్న జనగామ తాలూకా అప్పట్ల నల్గొండ జిల్లాలనే ఉండె. మా పిల్లలల్ల ఒక్కరికి ఆ పేరు తెల్వదు. నడుమ ఒక తెలుగు మాట తప్పింది, ఎనక వరుసల కొందరు నవ్విన్రు. యాడి ఆగింది. నా గుండె ఆగినట్టయింది. ఆమె ఆ మాటనే మళ్లొకసారి అట్లనే అని, ముందుకు పోయింది.

కృష్ణానగర్ తమ్ముడూ, వీడియో తీసిన, పిల్లల అమ్మానాన్నలను అడిగినంక పెడ్త. మీ దోస్తు ఇంటికి ఒకసారి పోయి రాండి, మొహం చెల్లదని ఆగకండి.

ఇప్పుడు ఇంకో సాయం కావాలె. ఆ ఏడో తరగతి పిల్ల వాళ్ల దాదీ, ఊడిపోయిన అద్దాలు మళ్ల కుడతనంటున్నది, మనుమరాలు పక్కన కూసొని దారం ఎక్కిస్తనన్నది. నల్గొండల, దేవరకొండల అన్ని దుకాణాలు తిరిగిన, అంతటా ప్లాస్టిక్ బిళ్లలే. బొటనవేలి గోరంత గుండ్రటి గాజు అద్దాలు కావాలె, ఒక రెండు వందలు. హైదరాబాద్‌ల ఎక్కడ దొరుకుతయో ఎవరికన్న తెలిస్తే చెప్పండి, వచ్చే ఆదివారం వస్త.